బోదకాలు మాత్ర వెనుక భీమవరం బిడ్డ

నర్సీపట్నం: ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ తిరిగి, ఇంట్లో ఎవరి వయసెంతో అడిగి, లెక్క ప్రకారం మాత్రలు చేతిలో పెట్టి, తమ ఎదుటే మింగమని బతిమాలిన రోజులు పట్టణవాసులకు గుర్తుండే ఉంటాయి. రెండేళ్లు దాటి అయిదేళ్ల లోపు పిల్లలకు ఒకటి, ఆరు నుంచి పద్నాలుగేళ్ల వరకు రెండు, ఆపై వయసువారికి మూడు. గర్భిణులకు, రెండేళ్ల లోపు పసివారికి, తీవ్ర వ్యాధిగ్రస్తులకు మినహాయింపు. కోస్తా జిల్లాల్లో బోదకాలు నివారణకు 2004 నుంచి ఈ సామూహిక పంపిణీ ఏటా పెద్దయెత్తున సాగింది. కొన్నేళ్లకు దానికి తోడుగా నులిపురుగుల మాత్ర ఆల్బెండజోల్‌ను కూడా చేర్చారు. మాత్రలను పుచ్చుకున్నవారు అనేకులు. మింగినవారు మాత్రం అంతకంటే తక్కువ. గూట్లో, టీవీ మీద, దేవుడి పటం వెనుక ఆ మాత్రలు నెలల తరబడి ఉండిపోయిన ఇళ్లు ఈ విలేఖరికి తెలుసు.

ఆ మాత్ర పేరు డైఇథైల్ కార్బమజీన్. వాడుకలో డీఈసీ. 1947లో అది హెట్రజాన్ అన్న పేరుతో లోకానికి పరిచయమైంది. అమెరికాలో దానిని వెలికితీసిన పరిశోధక బృందానికి నాయకుడు తెలుగువాడు, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. జనవరి 12 ఆయన జయంతి.

నర్సీపట్నం ప్రాంతంలో అల్లూరి సీతారామరాజు పేరు తెలియని పిల్లవాడు ఉండడు. కృష్ణదేవిపేటలో ఆయన సమాధి ఉంది. ఆయన పూర్వీకుల గ్రామం మోగల్లు భీమవరానికి సమీపాన ఉన్నదే. ఆ మన్యం వీరుడికీ ఈ శాస్త్రవేత్తకూ వయసులో రెండు మూడేళ్లే తేడా. ఒకరు విగ్రహాల రూపంలో మన కూడళ్లలో నిలిచారు. రెండవవారు మాత్ర రూపంలో మన గడపల్లోకి వచ్చినా ఎవరూ గుర్తించలేదు.

కష్టాల చదువు

సుబ్బారావు 1895 జనవరి 12న జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. చిన్న జీతం, పెద్ద సంసారం. చదువు మీద మనసు నిలవక పదమూడేళ్ల ప్రాయంలో ఇల్లు విడిచి, కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపండ్లు అమ్ముకుని ధనవంతుడు కావాలని ఆ బాలుడు బయలుదేరాడు. పెద్దలు వెతికి పట్టుకుని వెనక్కి తెచ్చారు. రాజమండ్రిలోను, తరువాత మద్రాసు హిందూ హైస్కూలులోను చదివి, మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. తరువాత ప్రెసిడెన్సీ కళాశాలలో చేరారు. ఒక దశలో రామకృష్ణ మఠంలో చేరి సన్యసించాలన్న తలంపు కలిగింది. తల్లి ఒప్పుకోలేదు. పది మందికి పనికొచ్చే విద్య ఏదైనా నేర్చుకోవాలన్న ఆలోచన ఆయనను మద్రాసు వైద్య కళాశాలకు చేర్చింది. 1919లో శేషగిరితో వివాహం జరిగింది. వైద్య విద్యకు మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి ఆసరాగా నిలిచారు.

గాంధీజీ పిలుపు మేరకు విదేశీ వస్త్రాన్ని వదిలి, శస్త్రచికిత్స గదిలో సైతం ఖద్దరు అంగీ ధరించినందుకు ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఫలితంగా పూర్తి స్థాయి ఎంబీబీఎస్ పట్టా దక్కలేదు, దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకోవలసి వచ్చింది. ప్రభుత్వ వైద్య సేవలో ప్రవేశం దొరకలేదు. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రం బోధిస్తూ కొంతకాలం గడిపారు.

ఆ కాలంలోనే ఆ ఇంటిని వ్యాధి కాటేసింది. కొద్ది రోజుల ఎడంలో ఇద్దరు సోదరులు స్ప్రూ అనే వ్యాధితో కన్నుమూశారు. తిన్నది ఒంటబట్టక, విరేచనాలతో రక్తం పలచబడి మనిషి కృశించిపోయే రోగమది. వైద్యం చదివిన అన్నదమ్ముడు ఇంట్లో ఉండి కూడా ఏమీ చేయలేకపోయాడు. ఎందుకంటే అప్పటికి ఎవరి వద్దా దానికి మందు లేదు.

కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, మామగారు చేసిన సాయంతో 1920వ దశకం తొలి సంవత్సరాలలో సుబ్బారావు అమెరికా చేరి, బోస్టన్‌లోని హార్వర్డ్ ఉష్ణమండల వైద్య పాఠశాలలో విద్యార్థి అయ్యారు. ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసి పొట్టపోసుకున్నారు. మూడేళ్లలో తిరిగి వస్తానని భార్యకు చెప్పి వెళ్లిన మనిషి మళ్లీ ఈ దేశం మీద అడుగు పెట్టలేదు. తాను వెళ్లాక పుట్టిన కొడుకును ఆయన చూడనే లేదు. ఆ బిడ్డ ఏడాది నిండకముందే ఎరిసిపెలాస్ అనే వ్యాధితో చనిపోయాడు. చర్మం కిందనున్న సన్నని శోషరస నాళాలకు స్ట్రెప్టోకాకస్ క్రిమి సోకి, ఎర్రగా పాకి, ఒళ్లంతా విషం చేసే జబ్బు అది. పెన్సిలిన్ రాని రోజులు.

శోషరసం అంటే

ఇక్కడ కొంత ఆగి ఈ శోషరసం సంగతి చెప్పుకోవాలి. బోదకాలు రోగం అంతా అక్కడే ఉంది.

గుండె నుంచి బయలుదేరిన రక్తంలోని నీటిభాగం కొంత సన్నని నాళాల గోడల గుండా ఊటలా బయటికి వచ్చి కండను తడుపుతుంది. అందులో చాలా భాగం తిరిగి రక్తంలోకే ఇంకుతుంది. మిగిలిపోయిన నీటిని సేకరించి రక్తంలో కలిపేందుకు ఒంటి నిండా మరో కాలువల వ్యవస్థ ఉంది. అందులో పారేదే శోషరసం. రోజుకు రెండు నుంచి నాలుగు లీటర్ల ద్రవం ఈ దారిన మెడ మొదట్లోని పెద్ద సిరలకు చేరుతుంది. రక్తానికి గుండె ఉన్నట్లు దీనికి పంపు లేదు. నాళాల స్వంత ముడుపు, నడిచేటప్పుడు పిక్కలు చేసే ఒత్తిడి, నీరు వెనక్కి జారకుండా అడ్డుపడే చిన్న కవాటాలు, ఇవే ఆధారం. తాండవ ఆయకట్టు రైతుకు కాలువ, తూము, పూడిక అంటే వివరించనక్కరలేదు. శోషరస నాళంలో పూడిక పడినా పై పొలం మునిగినట్లే కాలు మునుగుతుంది.

ఈ కాలువల మీద అక్కడక్కడ కాపలా ఠాణాలు ఉన్నాయి. చంకల్లో, గజ్జల్లో, మెడ పక్కన, పేగుల చుట్టూ కలిపి అయిదారు వందల శోషరస గ్రంథులు. కాలికి ముల్లు గుచ్చుకుని చీము పట్టినప్పుడు గజ్జలో బిళ్ల కట్టిందని మన పెద్దలు అంటారు. ఆ బిళ్ల రోగం కాదు. కాలి నుంచి కొట్టుకువచ్చిన క్రిమిని అక్కడ ఆపి, లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు దానిని పోల్చుకుని, తమ సంఖ్యను వేలరెట్లు పెంచుకుంటున్నందువల్ల కలిగే వాపు అది. గొంతులోని టాన్సిల్స్, కడుపులో ఎడమ పక్కనున్న ప్లీహం కూడా ఈ కాపలా దళానికే చెందుతాయి.

ఫైలేరియా పురుగు గడుసుతనం ఏమిటంటే, అది కాపురం పెట్టేది సరిగ్గా ఈ కాపలా కాలువల్లోనే. ఉచెరేరియా బాంక్రాఫ్టి అనే ఈ దారపు పురుగులు ఆడా మగా జంటగా శోషరస నాళంలో అయిదేళ్లకు పైగా బతుకుతాయి. రోగనిరోధక శక్తిని మాయజేసి, తమను శత్రువులుగా చూడకుండా జోకొట్టగలవు. ఆడపురుగు లక్షల సంఖ్యలో కంటికి కనిపించని పిల్లలను రక్తంలోకి వదులుతుంది. పగలు ఊపిరితిత్తుల్లో దాగి, రాత్రి దోమ కుట్టే వేళకు అవి చర్మం దగ్గరి నాళాల్లోకి వస్తాయి. ఫైలేరియా సిబ్బంది రాత్రిపూట వచ్చి వేలికొన నుంచి నెత్తురు తీసేది అందుకే. దీనిని మోసేది మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ. ఆ పురుగు దోమలో పెరుగుతుందని చైనాలోని అమోయ్ రేవులో స్కాట్లండ్ వైద్యుడు ప్యాట్రిక్ మాన్సన్ 1877లో కనుగొన్నాడు. దోమ మనిషికి రోగం తేగలదన్న ఎరుకకు అదే ఆరంభం.

పురుగున్న నాళం వెడల్పై, కవాటాలు పనిచేయడం మానతాయి. నీరు నిలుస్తుంది. వేళ్ల సందుల్లో పాసిన చోట, మడమ పగుళ్లలో నుంచి మామూలు చీము క్రిములు దూరితే వాటిని కొట్టుకుపోయే ప్రవాహం లేక అక్కడే పెరిగి చలిజ్వరం తెస్తాయి. జ్వరం వచ్చినప్పుడల్లా కాలు కొంత లావై, తగ్గినా పూర్తిగా తగ్గదు. మగవారిలో కొందరికి బుడ్డ దిగుతుంది. పెళ్లి సంబంధాలు తప్పిపోవడం, చీర కుచ్చెళ్లతో కాలు దాచుకోవడం, పేరంటాలకు వెళ్లకపోవడం ఈ రోగం తెచ్చే రెండవ బాధ.

హెట్రజాన్ పుట్టుక

హార్వర్డ్‌లో సుబ్బారావు జీవరసాయన శాస్త్రం వైపు మళ్లారు. రక్తంలో, మూత్రంలో ఫాస్పరస్‌ను కొలిచే పద్ధతిని ఆచార్యుడు సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రకటించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి పేరుతో దశాబ్దాల పాటు ప్రయోగశాలల్లో అది నిత్యకృత్యమైంది. కండరం పనిచేయడానికి కావలసిన శక్తి నిల్వలైన ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీలను వారిద్దరూ గుర్తించారు. ఏటీపీని అదే 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా వేరుగా కనుగొన్నారు. 1930లో పీహెచ్‌డీ లభించింది. స్థిరమైన ఆచార్య పదవిని మాత్రం హార్వర్డ్ ఆయనకు ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ఔషధ పరిశోధనాలయంలో చేరి, త్వరలోనే దాని పరిశోధనలన్నిటికీ సారథి అయ్యారు.

రెండవ ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులు వేల సంఖ్యలో ఫైలేరియా బారిన పడ్డారు. గజ్జల్లో బిళ్లలు, చేతుల్లో కాళ్లలో ఎర్రని చారలు, వాపులు. కోట్లాది ఆసియా, ఆఫ్రికా జనం తరతరాలుగా మోసిన రోగానికి మందు వెతికే తొందర అప్పుడు గాని ఆ దేశానికి కలగలేదని చెప్పక తప్పదు. అయితే ఆ పనిని చేపట్టిన ప్రయోగశాల నాయకుడికి మాత్రం ఆ రోగం కొత్త కాదు. గోదావరి జిల్లాల్లో పుట్టి పెరిగిన మనిషి బోదకాలును చూడకుండా ఉండడం ఆ రోజుల్లో అసాధ్యం.

లెడర్లీలో రెజినాల్డ్ హ్యూవిట్ తదితరులు, సుబ్బారావు కలిసి కాటన్ ర్యాట్ అనే ఎలుకలకు, కుక్కలకు సోకే ఇదే జాతి పురుగుల మీద అనేక రసాయనాలను పరీక్షించారు. పైపరజీన్ వర్గానికి చెందిన ఒక పదార్థం అద్భుతంగా పనిచేసింది. 1947లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. అదే ఏడు ప్యూర్టోరికోలో రోగులకు ఇచ్చి చూడగా రక్తంలోని పురుగు పిల్లలు వేగంగా మాయమయ్యాయి. అంతకుముందు వాడిన ఆంటిమొనీ, ఆర్సెనిక్ సూదిమందుల విషలక్షణాలు దీనికి లేవు. నోటితో మింగితే చాలు.

ఇక్కడ ఒక వింత బయటపడింది. గాజునాళికలో పురుగు పిల్లలను వేసి ఈ మందు కలిపితే వాటికి దాదాపు ఏమీ కాదు, ఈదుతూనే ఉంటాయి. అదే మందు మనిషి ఒంట్లోకి వెళితే కొద్ది గంటల్లో అవి రక్తంలో కనిపించవు. కాలేయంలో చిక్కుకుని, శరీర రక్షక కణాలకు ఆహారమవుతాయి. అంటే మాత్ర స్వయంగా చంపడం తక్కువ. పురుగు కప్పుకున్న ముసుగు తీసి, జోకొట్టబడిన కాపలాదారును తట్టిలేపడం దాని పని అని చెప్పుకోవచ్చు. ఆ తట్టిలేపడం ఎలా జరుగుతుందో శాస్త్రజ్ఞులు నేటికీ పూర్తిగా తేల్చలేదు. కొట్టేది మన ఒంటి సైన్యమే.

మాత్ర వేసుకున్నాక కొందరికి జ్వరం, తలనొప్పి, ఒళ్లు నొప్పులు రావడానికి ముఖ్య కారణం ఇందులోనే ఉంది. చచ్చే పురుగుల మీద రోగనిరోధక శక్తి విరుచుకుపడినప్పుడు పుట్టే వేడి అది. పురుగు ఎక్కువగా ఉన్నవారికే ఎక్కువ బాధ. పురుగు లేనివారికి సాధారణంగా ఏమీ ఉండదు. పరగడుపున వేసుకుంటే వికారం వేరే సంగతి, భోజనం చేసి వేసుకోమనేది అందుకు.

ఒక తప్పు ఒప్పుకోవాలి. విలేఖరిగా కొత్తలో, మాత్రలు మింగిన విద్యార్థులకు కళ్లు తిరిగాయని ఒక బడి నుంచి కబురు వస్తే, మాత్రలు వికటించాయని ఈ విలేఖరి వార్త పంపాడు. సాయంత్రానికి పిల్లలు ఆడుకుంటూ ఇళ్లకు వెళ్లారు. ఎందుకు జరిగిందని వైద్యుణ్ణి అడగలేదు. మరుసటి ఏడాది ఆ వీధుల్లో తలుపులు మూసుకుపోయాయి. జ్వరం వచ్చిన ఆ కొద్దిమందికే మందు అత్యవసరమై ఉండవచ్చునన్న ఆలోచన అప్పట్లో తట్టలేదు.

కాపలాదారు అదుపు తప్పితే

సుబ్బారావు పరిశోధన ఇదే రక్షణ దళపు రెండవ ముఖాన్ని కూడా తాకింది. తన సోదరులను బలిగొన్న స్ప్రూ వంటి రక్తహీనతలకు విరుగుడైన ఫోలిక్ ఆమ్లాన్ని ఆయన బృందం 1945లో కృత్రిమంగా తయారుచేసింది. నేడు ప్రతి గర్భిణికి ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఐరన్ మాత్రలో ఉన్నది అదే. కణాలు కొత్తగా పుట్టాలంటే ఈ విటమిన్ కావాలి. అలాగైతే దానిని పోలిన దొంగ పదార్థం ఇస్తే కణం పుట్టుక ఆగాలి కదా అన్నది తర్వాతి అడుగు. బోస్టన్‌లో పసిపిల్లల రక్త క్యాన్సర్‌తో పోరాడుతున్న సిడ్నీ ఫార్బర్‌కు లెడర్లీ అమినోప్టెరిన్ అందించింది. ఈ క్యాన్సర్‌లో కాపలా కాయవలసిన తెల్లకణాలే పనికిమాలినవై లెక్కకు మించి పెరిగి ఒంటిని తినేస్తాయి. తీవ్రస్థితిలో ఉన్న 16 మంది పిల్లలకు మందు ఇస్తే 10 మందిలో మెరుగు కనిపించిందని ఫార్బర్ 1948 జూన్‌లో ప్రకటించారు. ఆ మెరుగు నిలవలేదు, కొన్ని నెలలకే రోగం తిరగబెట్టింది. అయినా రక్త క్యాన్సర్‌ను మందుతో వెనక్కి నెట్టవచ్చునని రుజువైంది. దాని సోదర ఔషధం మెథోట్రెక్సేట్ నేటికీ ఆ చికిత్సలో ఉంది. తన కీళ్లనే శత్రువుగా భావించి రోగనిరోధక శక్తి దాడిచేసే కీళ్లవాతానికి కూడా వైద్యులు దానినే రాస్తున్నారు.

విశ్రాంత వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్‌ను లెడర్లీకి రప్పించి మట్టి నమూనాల్లో మందు వెతికించినదీ ఈయన సారథ్యమే. ఆ వెతుకులాటలో దొరికిన ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ వర్గానికి మొదటిది. 1948లో అది వెలుగు చూసింది. ఆ వర్గానికే చెందిన డాక్సీసైక్లిన్ ఫైలేరియా పురుగు కడుపులో నివసించే బ్యాక్టీరియాను చంపి, తద్వారా పురుగునే గొడ్రాలిని చేస్తుందని దశాబ్దాల తర్వాత తేలడం విశేషం.

1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే సుబ్బారావు గుండె ఆగింది. వయసు 53. నోబెల్ రాలేదు. పేటెంట్లు సంస్థవి, ప్రకటనల్లో ముందు పేరు తరచు సహచరులది. మురుగునీటి శుద్ధి కేంద్రంలో దొరికిన ఒక కొత్త బూజుకు 1953లో సుబ్బారోమైసెస్ అని ఆయన పేరు పెట్టారు. 1995 శతజయంతికి భారత తపాలా శాఖ బిళ్ల విడుదల చేసింది.

చైనా ఉప్పులో ఈ మందును కలిపి వంటింటి ద్వారా జనానికి చేర్చి, 2007 నాటికి ఫైలేరియాను నిర్మూలించిన దేశంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందింది. శ్రీలంక 2016లో ఆ గట్టు చేరింది. మన దేశంలో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది 1955లో. నిర్మూలనకు పెట్టుకున్న గడువులు దాటిపోయి ఇప్పుడు 2027 లక్ష్యమైంది. మాత్ర పెద్దపురుగులన్నిటినీ ఒక్క మోతాదుతో చంపలేదు. పిల్లపురుగులను తుడిచిపెట్టి, దోమకు దొరకకుండా చేస్తుంది. పెద్దపురుగుల ఆయుష్షు తీరేదాకా ఊరంతా ఏటా మింగితేనే గొలుసు తెగుతుంది. ఇంట్లో ఒకరు మింగి ఒకరు గూట్లో పెడితే దోమకు ఆ ఒక్కరు చాలు.

ఇప్పటికే లావైన కాలును ఈ మాత్ర సన్నం చేయదు. అలాంటివారు రోజూ సబ్బుతో కాలు కడిగి, వేళ్ల సందులు పొడిగుడ్డతో ఒత్తి, పగుళ్లకు మందు రాసి, కూర్చున్నప్పుడు కాలు ఎత్తున పెట్టుకుంటే జ్వరాలు తగ్గి వాపు పెరగకుండా ఉంటుందని వైద్యులు చెబుతారు. బుడ్డకు శస్త్రచికిత్స ఉంది.

మరొక సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ద్వారా ఫైలేరియా పీడిత దేశాలకు ఉచితంగా వెళ్లే డీఈసీ మాత్రలను జపాన్ సంస్థ ఐసాయ్ తయారుచేస్తున్నది పరవాడ ఫార్మాసిటీలోని తన కర్మాగారంలో. 2013లో ఆ మాత్రకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం లభించింది. నాటి నుంచి 200 కోట్లకు పైగా మాత్రలు అక్కడి నుంచి ఓడలెక్కాయి. 2022లో జిల్లాల పునర్విభజన జరిగాక నర్సీపట్నం, పరవాడ రెండూ ఒకే అనకాపల్లి జిల్లాలో ఉన్నాయి.